పొంగలి కింద పగిలిన బండ

"ఈ బండలన్నీ పీకించి రోడ్డు మీద పారేయిస్తావా, లేకుంటే నన్ను తడ బస్సెక్కిస్తావా? ఆడ నా తమ్ముడి కొడుకు మునిశేఖర్ నాకింత ముద్ద పెట్టకపోడు. రెండిట్లో ఏదో ఒకటి ఇప్పుడే తేల్చు!"

శకుంతలమ్మ వసారా మెట్ల మీద అడ్డంగా నిలబడి ఉంది. డెయిరీకి బయల్దేరిన కొడుకు బాలచంద్ర హెల్మెట్టును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు. తల్లిని తోసుకుని పోలేడు, పోకుండా ఉండలేడు.

"అమ్మా, పాల ట్యాంకరు వచ్చే టయిమయింది. సాయంత్రం మాట్లాడుకుందాం."

"ట్యాంకరుకుండే విలువ నాకు లేకపోయెనా? నీ చెల్లెలి కాలు సూడు. సూసి పో!"

వసారాలో మంచం మీద లోహిత కాలు చాపుకుని కూర్చుని ఉంది. మోకాలి కింద నుంచి మడమ దాకా తెల్లటి మందు పట్టీ వేసి ఉంది.

"నా కాలేమన్నా తిరునాళ్ళా అమ్మా, వచ్చినోళ్ళు పోయినోళ్ళు చూసి పోయేదానికి?" అంది లోహిత. "పొద్దున్నుంచి వీధిలో సగం మంది చూసిపోయిరి. మిగిలినోళ్ళ కోసం టిక్కెట్టు పెడదాం."

"నోరు మూసుకో. కాలిందనే బుద్ధి కూడా లేదు దీనికి."

ఎవరూ నవ్వలేదు. వంటింటి గడపలో గంజి గ్లాసుతో నిలబడిన కోడలు లోకేశ్వరి కూడా నవ్వలేదు.

నిన్న గంగమ్మ జాతర. ఇంటి ముందు తోటలో, లోకేశ్వరి పరిపించిన రాతి నేల నడుమన, పొయ్యి పెట్టి పొంగలి కుండ ఎక్కించారు. కుండ పొంగడానికి వచ్చే వేళకు కింది బండ తుపాకి పేలినట్టు పేలింది. పొయ్యి చెదిరింది, కుండ ఒరిగింది. కుతకుతమంటున్న పొంగలి పక్కనే కూర్చున్న లోహిత కాలి మీద పడింది. పొంగలి పొంగితే అందరూ మర్చిపోతారు. ఒలికితే ఒక్కరూ మర్చిపోరు. చీకటి పడే లోపల 'శకుంతలమ్మ ఇంట్లో గంగమ్మ రాయి పగలగొట్టిందంట' అన్న మాట కార్వేటినగరం దాటి పుత్తూరు బస్సెక్కింది.

"సాయంత్రం మునిరత్నమ్మక్క వస్తాది" అంది శకుంతలమ్మ, ఇప్పుడు కొడుకుతో కాదు, గోడతో చెబుతున్నట్టు. "కర్పూరం మీద చెయ్యి చాపి, ఇంక రాయి ముట్టనని నీ పెండ్లాం చెప్పాల. చెప్పిందా, సరే. చెప్పలేదా, ఈ ఇంట్లో నేను పచ్చి నీళ్ళు ముట్టను."

మునిరత్నమ్మ మీదికి ప్రతి జాతరలోనూ అమ్మవారు వస్తుంది. మామూలు రోజుల్లో ఆమె కూడా అందరిలాగే రేషను బియ్యానికి వరసలో నిలబడుతుంది. కానీ ఆమె చేతిలో కర్పూరం వెలిగితే దాని ముందు అబద్ధమాడే మనిషి ఆ వీధిలో లేడు. లేడనే అందరూ అనుకుంటారు.

లోకేశ్వరి గంజి గ్లాసు ఆడబిడ్డ చేతికిచ్చింది. "అత్తా, ఆ బండ ఎందుకు పగిలిందో చూడనీ. చూసి చెప్తాను."

"ఏం సూస్తావు? అమ్మకు ఇష్టం లేదు, పగిలింది. దాంట్లో సూసేదేముండాది?"

అత్త లోపలికి పోయింది. ఆమె నడిచిన నడకకు గూట్లో గ్లాసులు గలగలమన్నాయి.

బాలచంద్ర బండి దాకా వెంట వెళ్ళింది లోకేశ్వరి. అతను హెల్మెట్టు పెట్టుకుని, అద్దం దించకుండా ఆమె వంక చూశాడు.

"ఒక మాట అనేస్తే పోలా? నెలో రెండు నెలలో ఆగి మళ్ళీ మొదలు పెట్టుకుందువు."

"కర్పూరం ముందర అబద్ధమాడి?"

"అబద్ధమని ఎవురన్నారు? సర్దుబాటు."

"మీ డెయిరీలో పాలల్లో నీళ్ళు పోసినా సర్దుబాటేనా?"

"ఇదో, నా డెయిరీ జోలికి రావాకు" అన్నాడతను. అద్దం దించుకున్నాడు. బండి స్టార్టయ్యాక ఇంకేదో కూడా అన్నాడు గానీ, ఆ మాట అద్దం లోపలే ఉండిపోయింది.

లోకేశ్వరి తోటలోకి తిరిగి చూసింది. ఈ తోటే ఆమెకు దుకాణం. నర్సరీలో మొక్కలమ్ముతూ, మొక్కల మధ్య బాట వేయమని అడిగేవాళ్ళుంటే బండల పనిలోకి దిగింది. రాయి ఎంచేది, బాట గీసేది ఆమె. పరిచేది మామ కుప్పయ్య. కోడలు బండి తోలుతుంటే మామ వెనక కూర్చుని గడ్డపార పట్టుకుని పోవడం చూసి మొదట్లో కార్వేటినగరమంతా నవ్వింది. నవ్వినవాళ్ళలోనే ఇద్దరు ముగ్గురు తమ ఇళ్ళకు పిలిచారు. ఇంకెవరైనా అడిగితే తీసుకొచ్చి చూపించడానికి ఈ తోట. ఇప్పుడది చూపించే తోట కాదు, చూడ్డానికి వచ్చే తోట అయింది.

పొద్దున్నే పలమనేరు నుంచి ఒకాయన ఫోను చేసి, "మాకు సిమెంటు చాల్లేమ్మా, అదైతే పేలదు" అని పెట్టేశాడు. మిగిలింది తిరుపతి రెబెకా మేడం ఒక్కతే. ఆ పని రేపే మొదలు కావాలి.

ఆమె ఫోనూ వచ్చింది.

"లోకేశ్వరీ, వినకూడని మాట విన్నానమ్మా. మీ ఇంట్లో బండ పేలిందంటనే?"

"అవును మేడం."

రెబెకా హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది. ఇప్పటికీ ఆమె ఒక్క క్షణం మౌనంగా ఉంటే అవతలివాళ్ళకు హోంవర్కు చేయలేదేమో అనిపిస్తుంది.

"దేవుడికి కోపమొచ్చి రాయి పగిలిందని అనుకునే మనిషిని కాను. కానీ అడగాల్సింది అడుగుతాను. రాయిలో తప్పా, పరిచిన వాళ్ళ తప్పా?"

లోకేశ్వరి పగిలిన బండ వైపు తిరిగి చూసింది. తర్వాత, "తెలీదు మేడం" అంది.

"తెలీకుండా దాని మీద మా సారు చక్రాల కుర్చీ ఎట్లా తొయ్యను తల్లీ? పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన వసారా దాటలేదు. సంపంగి చెట్టు కింద కూర్చోవాలని రోజూ అడుగుతాడు. నువ్వు వచ్చి మట్టిలో ముగ్గుపిండితో బాట గీసిపోయినావే, ఆ గీత చెరిగిపోకుండా కాపలా కాస్తున్నాడు. పిల్లిని కూడా తొక్కనివ్వడం లేదు."

"సాయంత్రంలోగా చెప్తాను మేడం."

"మా తమ్ముడు టైల్స్ వాళ్ళను మాట్లాడి పెట్టినాడు. నీ మాట వినే దాకా వాళ్ళను ఆపుతాను. అంతకు మించి ఆపలేను."

లోకేశ్వరి చీర కుచ్చెళ్ళు ఎగదోపి, పగిలిన బండ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

ఈ రాయిని ఆమే ఎంచింది. కడప బండైతే నల్లగా నిగనిగలాడుతుందని అందరూ చెప్పారు. చిత్తూరు ఎండకు అది పెనమవుతుంది, నాలుగు వానలు తడిస్తే పొరలు లేస్తుంది అని ఆమె వద్దనింది. పాలిష్ రాయి వానలో జారుతుంది, అదీ వద్దనింది. ఉలితో గరుకు తీసిన బూడిద రంగు నాటు రాయి కావాలని, రాళ్ళ షెడ్డులో ఒక్కో బండనూ చిన్న సుత్తితో కొట్టి విన్నది. మంచి బండ గుడిగంట మాదిరి మోగుతుంది. లోపల చీలిక ఉన్నది, తడిసిన తప్పెట మాదిరి మొద్దుగా పలుకుతుంది. షెడ్డు వాడు, "పెళ్ళికూతుర్ని కూడా ఇట్లా చూడరు గదమ్మా" అని ఎగతాళి చేశాడు.

ఇప్పుడు మళ్ళీ సుత్తి తెచ్చి పక్క బండలను కొట్టింది. గంటలే. పగిలిన ముక్కల కింద గడ్డపార వేసి ఎత్తింది. కింద ఇసుక గట్టిగా, చదునుగా ఉంది. ఎక్కడా గుల్ల లేదు. నీళ్ళు పోయే వాటం ఇంటి వైపు కాకుండా మొక్కల వైపే ఉంది. సందుల్లో సిమెంటు మెత్తకుండా ఇసుకే పోయించింది కాబట్టి నీళ్ళు నిలిచిన జాడ లేదు. ఇసుక కొంచెం చెమ్మగా ఉంది, అంతే. తోటలో చెమ్మ ఉండకుండా పోతుందా?

మరి ఎందుకు పగిలింది?

మసి పట్టిన ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పింది. పై పొర అప్పడం మాదిరి ఎగిరిపోయింది. అంచులు పలచగా, వంపు తిరిగి, కత్తిలా ఉన్నాయి.

ఇట్లాంటి పొరను ఆమె ఇంతకు ముందు చూసింది.

పాత క్వారీలో. రాయి చూడ్డానికి పోయినప్పుడు మామ ఒక నల్లబడిన రాతి వైపు తీసుకుపోయి చూపించాడు. "మందుగుండు లేని దినాల్లో మేము అగ్గితోనే లేపతా ఉంటిమమ్మా. బండ మీద కట్టెలు పరిచి రాజేస్తే, పైన కాగి, కింద సల్లగుండి, పొర ఉబ్బి టప్పుమని లేస్తాది. రాతిని రాతి నుంచి విడదీసేది అగ్గే." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కళ్ళు పసిపిల్లాడివి అయ్యాయి.

లోకేశ్వరి చేతిలోని ముక్కను కింద పెట్టింది.

నిన్న తెల్లవారకముందే ఆమె గుడికి అంబలి మోసుకుని పోయింది. తిరిగి వచ్చేసరికి పొయ్యి వెలుగుతోంది. అత్త తన రాతి మీద పొంగలి పెట్టడం చూసి లోకేశ్వరి పొంగిపోయింది. ఆ పొంగులో ఇంకేదీ తట్టలేదు. కానీ పొయ్యి పక్కన మామిడి కట్టెలు మోపుగా పట్టుకుని ఒక్కొక్కటే అందించింది ఎవరు?

కుప్పయ్య పెరట్లో ఆవుకు చొప్ప కోస్తున్నాడు. కోడలు వచ్చి నిలబడినా తల ఎత్తలేదు.

"మామా."

"ఊఁ."

"అగ్గి పెడితే బండ లేస్తాదని నాకు చెప్పింది నువ్వే గదా?"

కొడవలి ఆగింది. ఆవు మాత్రం ఆగకుండా నములుతోంది.

"నిన్న కట్టెలందిచ్చింది కూడా నువ్వే."

"గొంతు తగ్గించమ్మా."

"ఏమిటికి చెప్పలేదు మామా? ఒక్క మాట. 'ఈడ వద్దు, అవతల మట్టి మీద పెట్టు' అంటే పోయేదానికి."

కుప్పయ్య కొడవలిని చొప్ప మీద పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు. చేతులకు ఏదో ఒక పని లేకుండా మాట్లాడడం ఆయనకు రాదు.

"మీ అత్తకు రాయంటే ఎట్లుండేదో నీకు తెలీదు. దాని తమ్ముడు, మునిశేఖర్ వాళ్ళ నాయన, క్వారీలో నా పక్కనే పనిచేస్తా సచ్చిపోయినాడు. పనిలో పెట్టించిందీ అదే, నాతో చెప్పి. ఆ పొద్దు నుంచి నా చేతుల్లో రాతి దుమ్ము కనపడితే అన్నం వడ్డించేది కాదు. నువ్వీ పని మొదలుపెట్టినప్పుడు ఎన్ని తిట్లు తిట్టిందో ఇన్నావు గదా."

"విన్నాను."

"అట్టాంటిది నిన్న తెల్లారుజామున, నువ్వు గుడికి పోయినాక, తడి గుడ్డ తీసుకొని ఆ బండ తుడిసింది. ముగ్గేసింది. నన్ను పిలిసి, 'సూడయ్యా, మన పిల్ల పరిచింది అద్దం మాదిరి ఉండాది. అమ్మకు పొంగలి దీని మీదనే పెడతా. వీధంతా సూడనీ' అనె. ఆ మొగం సూసినానమ్మా. నోట్లో మాట నోట్లోనే పాయె. సిన్న కుండ, సిన్న మంట, ఓర్సుకుంటాదిలే అనుకుంటి."

'మన పిల్ల' అన్న మాట లోకేశ్వరికి ఎక్కడో తగిలింది. ఎదురుగా ఉన్నప్పుడు అత్త ఆ మాట ఎన్నడూ అనలేదు.

"ఇది అత్తకు చెప్పాల మామా."

"వద్దు!" అన్నాడు కుప్పయ్య. ఇంత గట్టిగా ఆయన అనడం ఆమె వినలేదు. ఆవు కూడా మెడ తిప్పింది. "చెప్తే ఏమనుకుంటాది? కూతురి కాలు కాల్చింది నేనే అనుకుంటాది. తమ్ముణ్ణి తిన్నాను, కూతుర్ని కాల్చినాను అని కూసుంటాది. ఆ ఏడుపు ఒకసారి సూసినాను. ఇంకోసారి సూసే బలం నాకు లేదు."

"మరి నా సంగతి?"

ఆయన కొడవలి పిడిని బొటనవేలితో రుద్దాడు.

"నేను కర్పూరం మీద చెయ్యి చాపి, తప్పు నాదని ఒప్పుకోవాలనా?"

"నాలుగు దినాలు పోతే అన్నీ సద్దుమణుగుతాయి. తప్పు ఎవురిదో ఆ యమ్మకు తెలీదా?"

"అమ్మవారికి తెలుసు మామా. రెబెకా మేడానికి తెలీదు."

కుప్పయ్య చొప్ప కట్ట విప్పాడు. విప్పింది మళ్ళీ కట్టాడు. ఆ ముసలి వేళ్ళ మీద రాతి గీతలు, పాత గాయాలు. రేపటి పని కోసం ఉలులన్నీ సానబెట్టి గోనె మీద వరసగా పరిచి పెట్టుకున్నాడు. అవి పక్కనే ఎండలో మెరుస్తున్నాయి.

"నా పని పోతే నీ పనీ పోతాది గదా" అంది లోకేశ్వరి.

"పోనీలేమ్మా. ముసిలోణ్ణి." ఆ మాట అంటూ ఆయన ఉలుల వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి ఆవు మొహంలోకి చూశాడు.

సాయంత్రం మునిరత్నమ్మ వచ్చింది. వెనకాల వీధిలోని ఆడవాళ్ళు వచ్చారు, పిలవకపోయినా. డెయిరీ నుంచి తొందరగా వచ్చిన బాలచంద్ర గేటు దగ్గరే నిలబడ్డాడు, ఎటు అవసరమైతే అటు పోవడానికి వీలుగా.

మునిరత్నమ్మ చెప్పులు విడిచి రాతి నేల మీద నాలుగడుగులు నడిచింది. బుగ్గన ఆకువక్క. "సల్లంగుండాది గదే కాలికి" అంది. ఆ మాట శకుంతలమ్మకు నచ్చలేదు.

మసిబారిన చోటు దగ్గర మునిరత్నమ్మ ఆగింది. వంగి చూసింది.

"పొయ్యి ఈడ పెట్టినారా? రాతి మీదనా?"

"అవునక్కా" అంది శకుంతలమ్మ.

"శకుంతలా, నీకు పెండ్లయి ఈ వీధికి వచ్చినప్పటి నుంచి సూస్తా ఉండావు. అమ్మకు పొంగలి ఎవురింట్లోనైనా రాతి మీద పెట్టినారా? మట్టి అలికి, ముగ్గేసి, మట్టి మీద గదా పెడతాం? పుట్ట మన్ను యమ్మకు పుట్టిల్లు. నీకు తెలీనిదా ఇది?"

శకుంతలమ్మ మొహంలో రంగు పోయింది. రాయిది తప్పనీ, కోడలిది తప్పనీ పొద్దున్నుంచి వంద నోళ్ళతో చెప్పిన మనిషి. ఆ వంద నోళ్ళూ ఒక్కసారిగా మూతపడ్డాయి.

"పొయ్యి ఈడ పెట్టమనింది ఎవురు?" అడిగింది మునిరత్నమ్మ.

వెనకాల ఆడవాళ్ళు ఒకరి భుజం మీదుగా ఒకరు తొంగి చూశారు. మంచం మీద లోహిత మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టింది.

శకుంతలమ్మ చూపు ఆడవాళ్ళ మీదికి పోయింది. కూతురి కాలి మీదికి పోయింది. అక్కడ నిలవలేక పక్కకు జారింది.

"నా కోడలే... పెట్టమనింది."

"అమ్మా!" అంది లోహిత. "వదిన అప్పుడు గుళ్ళో గదా ఉండింది?"

"నువ్వు నిద్రపోతా ఉంటివి. నీకేం తెలుసు? పోయే ముందర చెప్పిపోయింది."

లోకేశ్వరికి కోపం రాలేదు. ముందు రావలసిన కోపం రాకపోతే మనిషికి భయం వేస్తుంది. ఆమె అత్త వైపు చూడలేదు. మామ వైపు చూసింది. మునిరత్నమ్మ కూడా అటే చూసింది.

"ఏం కుప్పయ్యా? అంతేనా?"

కుప్పయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మెడ మీది తువ్వాలు తీశాడు, మొహం తుడుచుకున్నాడు, మళ్ళీ వేసుకున్నాడు.

"అవునక్కా" అన్నాడు.

మునిరత్నమ్మ ఆకువక్క పక్కకు ఉమ్మి, పళ్ళెంలో కర్పూరం వెలిగించింది. మంట నీలంగా లేచి పచ్చగా మారింది.

"చెయ్యి చాపమ్మా."

లోకేశ్వరి రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

"పెట్టమనింది నేను కాదు. ముట్టనని కూడా చెప్పను."

ఆడవాళ్ళలో ఎవరో 'అయ్యో' అన్నారు. బాలచంద్ర గేటు దగ్గర్నుంచి రెండడుగులు లోపలికి వేసి, ఎవరి పక్కన నిలబడాలో తెలియక అక్కడే ఆగాడు. కర్పూరం కరిగి, ఆరిపోయి, పళ్ళెంలో నల్లటి మచ్చ మిగిలింది.

మునిరత్నమ్మ ఆ మచ్చను చూసింది. కుప్పయ్యను చూసింది.

"నేను యమ్మ మాట మోసేదాన్ని. మీ ఇంటి మాటలు మోసేదాన్ని కాదు. మీలో మీరు తేల్చుకుని పిలవండి, వస్తాను." చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. వెనకాల ఆడవాళ్ళు వెళ్ళలేక వెళ్ళలేక వెళ్ళారు.

తోటలో ఇంటివాళ్ళే మిగిలారు. లోకేశ్వరి ఫోను తీసి, అందరి ముందే రెబెకాకు చేసింది.

"మేడం, చెప్తానన్నాను గదా. రాయిలో తప్పు లేదు, పరిచినవాళ్ళ తప్పూ లేదు. రాతి మీద అగ్గి పెట్టినారు. పైన కాగి, కింద చల్లగుంటే రాయి పొర లేస్తుంది. అంతే. మీ తోటలో బండల మీద ఆకులు కాల్చనీయొద్దు. యాసిడ్ పోసి కడగనీయొద్దు. వానాకాలం పాచి పడితే గట్టి చీపురుతో రుద్దితే చాలు. ఇంకేమీ కాదు."

అవతల రెబెకా ఊపిరి వదలడం వినిపించింది. "ఇంత సులభమా? పొద్దున ఎందుకు చెప్పలేదమ్మా?"

"పొద్దున నాకు తెలీదు మేడం. రేపు వస్తాను. కుర్చీ చక్రం పట్టకుండా సందులు సన్నంగా పెడతాను. మెట్టు దగ్గర వాలు తీస్తాను."

"మంచిది. మీ మామగారు కూడా వస్తారు కదా? ఆయన చేతి పని చూసే కదా నేను ఒప్పుకున్నది."

లోకేశ్వరి గోడ వైపు చూసింది. కుప్పయ్య కింద కూర్చుని, పగిలిన బండ ముక్కలను ఒకదాని పక్కన ఒకటి చేరుస్తున్నాడు, అతికేటట్టు.

"లేదు మేడం. ఆయన రాళ్ళ పని మానేసినారు."

ముక్క చేతిలోంచి జారి ఇంకో ముక్క మీద పడింది. కుప్పయ్య లేచి నిలబడ్డాడు. కోడలు ఫోను పెట్టేసేదాకా కూడా ఆగలేదు.

"మానేసినానని ఎవురు చెప్పినారు నీకు?"

"నువ్వే మామా. ఇందాకనే."

"నేనెప్పుడు..."

"అవునక్కా అంటివి గదా. అప్పుడే నా పనితో పాటు నీ పనినీ వదిలేస్తివి."

"ఆ మాటకూ ఈ మాటకూ సంబంధమేంది?" అంటూ శకుంతలమ్మ మధ్యలోకి వచ్చింది. "అవునంటే పని మానేసినట్టు ఎట్లయితాది? ఏం మాట్లాడతా ఉండారు మీరిద్దరూ? రాతి మీద అగ్గి పెడితే..."

మాట సగంలో ఆగింది. ఆమె మసిబారిన చోటుకేసి చూసింది. వంగి ఒక పొర ముక్క తీసింది. వేలితో దాని వంపును తడిమింది. పెళ్ళయిన కొత్తలో క్వారీకి అన్నం క్యారియరు తీసుకుపోయి, పొగలో దగ్గుతూ నిలబడిన మనిషి ఆమె. ఆ పొగ వాసన ఇన్నేళ్ళకు మళ్ళీ ముక్కుకు తగిలినట్టు తల పక్కకు తిప్పుకుంది.

"ఏమయ్యా" అంది మెల్లగా. పొద్దున్నుంచి అరిచిన గొంతు కాదది. "నువ్వు అగ్గి పెట్టి గదా బండలు లేపతా ఉంటివి?"

కుప్పయ్య తువ్వాలు కోసం మెడ తడుముకున్నాడు. తువ్వాలు ఎప్పుడో కింద పడిపోయింది.

"నిన్న కట్టెలందిచ్చింది నువ్వే."

లోహిత మంచం దిగబోయి, కాలు ఆనించలేక ఆగిపోయింది. లోకేశ్వరి చేతిలో ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది.

"చెప్పు" అంది శకుంతలమ్మ. "ఇందాక వీధి ముందర అవునంటివే. ఇప్పుడు నాకొక్కదానికి చెప్పు."